మూత వేసే ఉంచిన లాప్‌టాప్

హలో, హలో... వినబడుతున్నానా అందరికీ? ఆ, సరే. అందరూ బావున్నారనుకుంటాను. నాకు పెద్దగా రాయడం రాదని మీకు తెలిసిందే. అందుకని ఈసారి నేను మధ్యలో దూరను, వాళ్ల మాటలు మీరే వినండి. ఒక ఇల్లాలు, మంచం మీద ఆవిడ భర్త, కంప్యూటర్లు బాగుచేసే పెద్దాయన. చివర్లో ఆఫీసు మేనేజరు గొంతు వస్తుంది. చిన్న గది, మధ్యాహ్నం పూట. ఇక వినండి.

"బాగుచెయ్యమనట్లేదు బాబాయ్ గారూ. పాడుచెయ్యమంటున్నాను."

"ఇంకోసారి చెప్పమ్మా. నా చెవులు ఈమధ్య కాస్త అటూ ఇటూగా ఉన్నాయి."

"ఈ లాప్‌టాప్ స్క్రీను పగలగొట్టండి. స్క్రీను ఒక్కటే పోవాలి. మిగతాదంతా పనిచెయ్యాలి."

"పగలగొట్టడానికి నేనెందుకు తల్లీ? మా మనవడున్నాడు. వాడైతే ఊరికే చేసిపెడతాడు, పైగా నవ్వుతూ చేస్తాడు."

"నవ్వించకండి. నిజంగానే అంటున్నాను. కాసేపట్లో మీటింగుంది."

"అసలు దీనికేమైంది? బానే ఉందిగా. మానిటర్లో బొమ్మ వస్తోంది, విడి కీబోర్డు మీద కొడుతుంటే అక్షరం పడుతోంది. అప్పట్లో అల్లుడుగారికి మెడనొప్పని నేను పెట్టిపోయినట్టే ఉంది. మూత వేసినా మెషిను నిద్రపోకుండా..."

"ఆ, అలాగే ఉంది. మూత ఎప్పుడూ తియ్యలేదు."

"తియ్యకపోతే మానె, వేడెక్కకుండా నిలబెట్టమన్నానా లేదా?"

"నిలబెట్టానుగా. పెళ్లి ఆల్బమ్‌కీ గోడకీ మధ్య."

"మంచి పనే చేశావు. ఆల్బమ్ ఇన్నాళ్లకి ఒకందుకు పనికొచ్చింది. సరే, అల్లుడుగారు పడుకున్నారేంటి ఈ వేళప్పుడు? ఏం బాబూ, ఒంట్లో బాలేదా?"

"ఆయన్ని కదపకండి. ఇప్పుడే మాత్ర వేసుకున్నారు."

"నేనేం కదిపానమ్మా, పలకరించాను. నాకేసే చూస్తున్నారు. ఏం బాబూ?"

"బా... బా..."

"ఆయన మాట్లాడరు బాబాయ్ గారూ."

"అలిగారా?"

"పక్షవాతం. వానాకాలంలో వచ్చింది. కుడిచెయ్యి లేవదు, కుడికాలు ఈడుస్తారు. మాట... తెలుస్తుంది అంతా. మనం అన్నదంతా తెలుస్తుంది. చెప్పాలంటే రాదు."

"అయ్యయ్యో. ఎవరూ చెప్పలేదే నాకు."

"ఎవరికీ చెప్పలేదు. చెప్పేది కాదు కాబట్టి."

"చెప్పేది కాకపోవడమేంటమ్మా? జబ్బేగా, దొంగతనమా?"

"స్క్రీను సంగతి చూడండి బాబాయ్ గారూ. మీకు దణ్ణం పెడతాను."

"ఆగు ఆగు. ఒక్కటి చెప్పు. ఆయన చెయ్యి లేవకపోతే, ఈ మానిటర్లో సగం రాసిపెట్టిన జవాబు ఎవరిది? పార్సిలు రాలేదని ఎవరో రాశారు, దానికి జవాబు. ఇంకా పక్కన గీత మెరుస్తూనే ఉంది."

"ఎవరిదైతే ఏంటి."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మీరు పని చూడండి బాబాయ్ గారూ."

"నువ్వా?"

"మీరు గొంతు తగ్గించండి. కిటికీ తీసుంది."

"నువ్వు ఆయన ఉద్యోగం చేస్తున్నావా?"

"ఆయన పేరుతో చేస్తున్నాను. పొద్దున ఆయన పేరుతో లోపలికి వెళ్తాను, సాయంత్రం ఆయన పేరుతో బయటికొస్తాను. సామాను పోయిందని, పగిలిందని, తడిసిందని జనం తిడుతూ రాస్తారు. జవాబు రాయాలి. అంతే పని."

"ఆఫీసువాళ్లకి తెలీదా?"

"తెలిస్తే మిమ్మల్నెందుకు పిలుస్తాను? గొంతు ఆపరేషన్ అయింది, డాక్టరు మాట్లాడొద్దన్నారు అని రాశాను. అది సగం నిజమే, మాట లేదు కదా. కెమెరా పెట్టమంటే లాప్‌టాప్ మూత బిగుసుకుపోయింది, తెరుచుకోవట్లేదు, బయట మానిటరుతో నెట్టుకొస్తున్నా అని రాశాను. నమ్మారు. ఇన్ని నెలలూ నమ్మారు."

"మూత మూసుంటే కెమెరా కూడా మూతపడుతుంది కదూ. నేను మెడనొప్పికని పెట్టాను. నువ్వు ఇంత పనికి వాడావు."

"మీరు పెట్టకపోయుంటే మొదటి వారంలోనే దొరికిపోయేవాళ్లం."

"నాకు చెప్పకుండా నన్ను ఇందులో భాగం చేశావన్నమాట. సరే, ఇప్పుడేమొచ్చింది?"

"నిన్న మేనేజరు దగ్గర్నుంచి కబురొచ్చింది. ఈరోజు ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతాడట. అందరూ కెమెరా పెట్టి తీరాలట. ఎవరికీ మినహాయింపు లేదు. మూత రాకపోతే మెకానిక్ చేత తెరిపించమన్నాడు. తెరిచాక స్క్రీనుతో పాటు కెమెరా పోయుంటే ఫొటో తీసి పంపమన్నాడు, అప్పుడు చూద్దామన్నాడు."

"బయటి కెమెరా కొనుక్కోమనలేదా? అంగట్లో దొరుకుతాయిగా."

"ఈ మెషిను ఒప్పుకోదు. కీబోర్డు, మౌసు తప్ప ఇంకేం గుచ్చినా పనిచెయ్యకుండా వాళ్లే తాళం వేశారు. అదొక్కటే మన అదృష్టం."

"అదృష్టమంటే ఇలా ఉంటుందన్నమాట."

"ఎవరో చెప్పేశారు బాబాయ్ గారూ. లేకపోతే ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు? మా మరిదే అయ్యుంటాడు. మొన్నొచ్చినప్పుడు ఇదేంటి వదినా నువ్వు కూర్చున్నావు అని రెండుసార్లు అడిగాడు. టీ తాగుతూ మానిటరు వంకే చూశాడు."

"తమ్ముడు అన్నని పట్టిస్తాడా?"

"నోరాగదు అతనికి. చెడ్డవాడు కాదు, నోరే. ఏమీ ఉంచుకోలేడు."

"అమ్మాయ్, నేనొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఉన్నమాట చెప్పేస్తే పోయేదిగా? మనిషికి జబ్బు చేసింది, కాస్త టైమివ్వండి అంటే ఇవ్వరా?"

"ఇస్తారు. పువ్వులు కూడా పంపిస్తారు. ఆయన పక్కన పనిచేసే ఆయనకి నడుం ఆపరేషనైతే పువ్వులు పంపారు. మరుసటి నెలలో కార్డు పనిచెయ్యడం మానేసింది."

"ఏ కార్డు?"

"వైద్యం కార్డు. అదే బాబాయ్ గారూ, అసలు సంగతి అదే. ఈయనకి మాట నేర్పడానికి డాక్టరమ్మ వస్తుంది. చెయ్యి కదిలించడానికి ఇంకొకాయన వస్తాడు. అంతా ఆ కార్డు మీదే. కాగితాలన్నీ ఇన్సూరెన్సువాళ్లకి పోతాయి, మేనేజరు దాకా రావు. ఉద్యోగం పోతే కార్డు పోతుంది. కార్డు పోతే డాక్టరమ్మ రాదు. మొదటి ఏడాదిలో ఎంత వస్తే అంతేనట మాట. ఆ తర్వాత ఎంత తిప్పలు పడ్డా రాదట. నాకు చెప్పింది, ఆయన ఎదురుగానే చెప్పింది."

"వ... వద్దు."

"ఏంటండీ? నీళ్లు వద్దా? సరే, ఇవ్వనులెండి."

"నీళ్ల గురించి కాదేమోనమ్మా. నీళ్లగ్లాసు అటుంది, ఆయన ఇటు చూస్తున్నారు."

"నాకు తెలుసు ఆయన సంగతి. నీళ్లే."

"వద్దు. మూ... మూత..."

"పడుకోండి. బాబాయ్ గారు చూసుకుంటారు. మీరేం కంగారు పడకండి."

"అల్లుడుగారూ, నేను మీ మెషిన్ని చంపనులెండి. ఊరికే స్పృహ తప్పిస్తానంతే."

"అంటే చేస్తారా?"

"గాజు పగలగొట్టను. చేతులు రావు నాకు. పగిలినవి అతికించీ అతికించీ, మంచిదాన్ని పగలగొట్టమంటే వేళ్లు ముడుచుకుపోతాయి. ఇంకో దారుంది. స్క్రీనుకీ కెమెరాకీ ఒకే తీగ వెళ్తుంది ఇందులో. కింద మూత విప్పి ఆ తీగ లాగేస్తే రెండూ చచ్చిపోతాయి. మానిటరు మామూలుగా వస్తుంది. నల్లటి స్క్రీను ఫొటో తీసి పంపు."

"దేవుడిలా వచ్చారు."

"దేవుడికి స్క్రూడ్రైవరు ఉండదమ్మా. మెషిను ఆపు. సగం రాసిన జవాబు దాచుకున్నావా?"

"ఆ, ఆపాను."

"ఇలా ఇవ్వు. ముందు ఈ మూత ఒకసారి తీద్దాం... చూశావా, కొత్తదానిలా ఉంది. దుమ్ము కూడా లేదు."

"ఆ స్పేసుబారు చూడండి. కుడిపక్క మాత్రం నున్నగా అరిగింది. ఆయన బొటనవేలు. నేను ఇన్నాళ్లూ చూడలేదు."

"ఏడవకమ్మా, పని కానీ. ఇదిగో చిక్కొచ్చింది. స్క్రూ మీద ఆఫీసువాళ్లు స్టిక్కరు అంటించారు. చింపితే తెలిసిపోతుంది."

"ఇప్పుడెలా?"

"జుట్టు ఆరబెట్టుకునే మెషినుందా ఇంట్లో?"

"ఉంది. ఎందుకు?"

"వేడి గాలి కొడితే జిగురు మెత్తబడుతుంది. మెల్లగా లేపి, పని కాగానే మళ్లీ అంటించేద్దాం. చీరల మీద ధర కాగితాలు మార్చేవాళ్లు ఇలాగే చేస్తారు. నాకెలా తెలుసని అడక్కు."

"అడగను. ఇదిగోండి."

"దూరంగా పట్టుకో. ఆ, అంతే. ఇంతకీ నీకు ఈ జవాబులు రాయడం ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు. ఈయన దగ్గర మూడు వాక్యాలుండేవి. మీ ఫిర్యాదు అందింది, పరిశీలిస్తున్నాం, అసౌకర్యానికి చింతిస్తున్నాం. ఎవరేం రాసినా ఆ మూడే. ఇంట్లో కూరలో ఉప్పెక్కువైందంటే నేనూ అదే అనేదాన్ని ఈయనతో, అసౌకర్యానికి చింతిస్తున్నాం అని."

"నవ్వుతున్నారు చూడు. సగం మొహమే నవ్వుతోంది, అయినా నవ్వే."

"మొదట్లో నేనూ ఆ మూడే పెట్టాను. తర్వాత పెట్టబుద్ధి కాలేదు. అవతల మనిషి మంట మీదుంటాడు, చింతిస్తున్నాం అంటే ఇంకా మండుతుంది కదా. మనకైతే ఎలా ఉంటుందో అలా రాస్తున్నాను. తప్పేమో తెలీదు."

"అదిగో లేచింది స్టిక్కరు. ఆపెయ్ గాలి. స్క్రూలు ఈ గిన్నెలో వేస్తున్నా, ముట్టుకోకు. దొరికితే ఏంటి నీ పరిస్థితి? ఆలోచించావా?"

"దొరికితే ఇద్దరం ఇంట్లో కూర్చుంటాం. దొరక్కపోతే ఆయనకి ఇంకొన్ని మాటలొస్తాయి. ఇందులో ఆలోచించడానికేముంది?"

"ఆయన్ని అడిగావా?"

"ఏం అడగాలి?"

"మీ పేరు మీద నేను చేస్తానండీ అని."

"ఆయన వద్దంటారు. అందుకే అడగలేదు."

"వద్దని ఇందాక అన్నారుగా."

"నీళ్లు బాబాయ్ గారూ."

"సరే. నీళ్లే. ఇదిగో తీగ. లాగుతున్నా... అయింది. బిగించి స్టిక్కరు మళ్లీ అంటించేశా. మానిటరు తీగ గుచ్చు, మెషిను ఆన్ చెయ్యి."

"మానిటర్లో వచ్చింది. లాప్‌టాప్ స్క్రీను నల్లగా ఉంది. కెమెరా దగ్గర లైటు కూడా లేదు."

"తీసుకో ఫొటో. నీ మొహం గాజులో పడకుండా పక్కనుంచి తియ్యి."

"అదొకటుంది కదూ. తీశాను. పంపేశాను. చూశాడు, చూసినట్టు గుర్తు పడింది."

"ఏమన్నాడు?"

"సరే అన్నాడు. కెమెరా లేకపోయినా పర్లేదు, ఇప్పుడే కలుస్తానంటున్నాడు. ఇప్పుడే. బాబాయ్ గారూ, సరే అన్న రెండక్షరాలకి మూడు తప్పులు కొట్టాను."

"దిద్దుకో. నేనిక్కడే ఉన్నాను. మైకు ఆపే ఉందా?"

"ఆ, మైకు బొమ్మ మీద ఎర్రగీత ఉంది. ఎప్పుడూ ఉంటుంది. ఏవండీ, మీరు లేవకండి. ఎందుకు లేస్తున్నారు?"

"లేవనీ. కుర్చీలో కూర్చుంటారు. నేను పట్టుకుంటాలే. రండి బాబూ, నా భుజం మీద వెయ్యండి చెయ్యి."

"ఇటు వద్దు, అటు కూర్చోబెట్టండి. మోగుతోంది. నొక్కుతున్నా."

"గురువుగారూ, నమస్కారం. వినబడుతోందా?"

"ఈ మేనేజరు మీ ఆయన్ని గురువుగారంటాడేంటి?"

"చేరిన కొత్తలో ఈయనే పని నేర్పారు అతనికి. మాట్లాడకండి, రాస్తున్నాను. వినబడుతోంది సార్ అని."

"సార్ ఏంటి గురువుగారూ, నన్ను పేరు పెట్టి పిలిచేవారు మీరు. సరే, ఫొటో చూశాను. స్క్రీను నిజంగానే పోయింది. మిమ్మల్నొక్కసారి చూద్దామనుకున్నాను. ఇలాంటివి మొహం చూసి చెప్పాలి కదా, అందుకని అందర్నీ కెమెరా పెట్టమన్నాను."

"అయిపోయింది బాబాయ్ గారూ."

"ఉష్. విను."

"మన సెక్షన్ ఎత్తేస్తున్నారు. నెలాఖరుతో ఆఖరు. ఇక జవాబులు మెషినే రాస్తుందట. పొద్దున్నుంచి ఒక్కొక్కరికీ చెప్పుకొస్తున్నాను. ఇద్దరు ఏడ్చారు. ఒకాయన నన్ను తిట్టి లైను కట్ చేశాడు."

"అంటే... ఎవరూ చెప్పలేదా? మా మరిది..."

"ఎవరూ చెప్పలేదమ్మా. ఇది వేరే."

"గురువుగారూ, ఉన్నారా? మీ సంగతి అది కాదు. కంగారు పడకండి. మెషిను రాసేవాటిని దిద్దడానికి ఒక మనిషిని ఉంచుకోమన్నారు నన్ను. ఒక్కరే. నేను మీ పేరిచ్చాను."

"బాబాయ్ గారూ, విన్నారా? ఉంచారు. ఉంచారండీ మిమ్మల్ని. ఏం రాయను? కృతజ్ఞతలు అని రాయనా?"

"రాయి తల్లీ, రాయి."

"కృతజ్ఞతలు ఎందుకండీ. మీరు నాకు పని నేర్పారని ఇవ్వలేదు. నిజం చెప్పనా, ఏడాది కిందటైతే ఇచ్చేవాణ్ణి కాదు. మూడు వాక్యాలు తిప్పి తిప్పి పంపేవారు. ఈమధ్య మీకేమైందో గానీ... ఆ కుట్టుమిషను ఆవిడ గుర్తుందా? వాళ్లమ్మది, దార్లో విరిగిపోయింది. ఆవిడకి మీరు రాసిన జవాబు పైవాళ్లకి చదివి వినిపించాను. విరిగింది చెక్క ఒక్కటే అయితే పారెయ్యకండి, మీ అమ్మగారి కాలు తగిలిన తొక్కుడు పలక అలాగే ఉంచుకుని మిగతాది మార్పించుకోవచ్చు, ఆ ఖర్చు మేం పెట్టుకుంటాం అని రాశారు. ఆవిడ తిట్టడం మానేసి మనకి పెళ్లిపిలుపు పంపింది."

"అది నేను రాసిందే."

"తెలుసమ్మా. తెలుస్తూనే ఉంది."

"ఇంకో మాట గురువుగారూ. ఇది ఇంట్లోంచి చేసేది కాదు. సోమవారం నుంచి ఆఫీసుకి రావాలి. నా పక్కనే బల్ల వేయిస్తున్నాను. మాట్లాడక్కర్లేదు, గొంతు సంగతి నేను చూసుకుంటాను. మీరొచ్చి కూర్చుంటే చాలు."

"ఆఫీసుకా?"

"అమ్మాయ్, కూర్చో. కీబోర్డు వదలకు."

"ఆఫీసుకి రమ్మంటున్నాడు బాబాయ్ గారూ. ఈయన్ని. మెట్లు దిగలేని మనిషిని."

"ఇంకొన్నాళ్లు ఇంటి నుంచే చేస్తానని రాయి."

"రాశాను. రాస్తూనే ఉన్నాను."

"కుదరదు గురువుగారూ. అడిగి చూశాను, ఒప్పుకోలేదు. మీరు రానంటే ఆ ఒక్క చోటు కూడా తీసేస్తారు. అప్పుడు మీ పేరూ మిగతావాళ్లతోనే. నాకు ఇప్పుడే చెప్పాలి, పైవాళ్లు అవతల లైన్లో కాచుకుని ఉన్నారు."

"బాగా చేసి చెడ్డాను. ఆ మూడు వాక్యాలే పెట్టుకుని ఉంటే..."

"పెట్టుకుని ఉంటే అందరితో పాటే పోయేదమ్మా. అటైనా ఇంతే."

"కార్డు పోతుంది. డాక్టరమ్మకి ఏం చెప్పను? నిన్ననే చెప్పింది, ఒక వాక్యం దాకా వస్తున్నారు, ఇప్పుడు ఆపొద్దు అని."

"గురువుగారూ, ఏదో ఒకటి రాయండి. వస్తారా, రారా?"

"ఏం రాయను బాబాయ్ గారూ? చెప్పండి, ఏం రాయను?"

"ఒక్క నిమిషం టైమడుగు. అల్లుడుగారూ, ఆగండి, అటు వంగకండి, పడతారు."

"ఏవండీ, ఏం చేస్తున్నారు? ఎడంచేత్తో మౌసు లాక్కున్నారేంటి, వదలండి. అది నాకివ్వండి, మేనేజరు కాచుకునున్నాడు."

"అమ్మా, మైకు చూడు. ఎర్రగీత పోయింది."

"ఏవండీ, వద్దు. మీ కాళ్లు పట్టుకుంటాను, వద్దు."

"గురువుగారూ? ఎవరిదో ఆడమనిషి గొంతు వినబడింది. మైకు పనిచేస్తోందా మీకు? ఎవరు మాట్లాడుతున్నారు?"

"రా... రాసింది నే... నేను కాదు బాబూ. మా ఆ... మా ఆవిడ. ఆ బల్ల... ఆవిడకి వెయ్యి."

అంతేనండి, నాకు తెలిసింది ఇంతవరకే. మీ ఎరికలో ఎవరైనా ఇంకొకరి పేరు వెనక కూర్చుని పనిచేస్తుంటే ఇది వాళ్లకి పంపండి. పంపేటప్పుడు పైన వాళ్ల పేరు రాసి మరీ పంపండి. ఉంటాను.